మరుగు మందు కుడుములు

ఆ కాలంలో మా మాచర్లలో అసూయకి కూడా ఒక హద్దుండేది. ఎదురింటావిడ ముక్కుపుడక చూసో, పక్కింటి గేదె ఇచ్చే పాలు చూసో, మహా అయితే రెంటచింతలలో ఎవరో చుట్టాలు కొత్తగా వేసుకున్న శ్లాబు చూసో కుళ్లుకునేవాళ్లం. పొద్దున పుట్టిన కుళ్లు సాయంత్రం పొయ్యి ముట్టించే వేళకి పోయేది, దాన్ని మోస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది కనక. అలాంటిది ఊరు దాటి, జిల్లాలు దాటి, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న మనిషి మీద, మొహమైనా చూడకుండా, మూడు నెలలు కుళ్లిన ఆడదాన్ని మా పేట మొత్తానికి నేనొక్కదాన్నే. ఇవ్వాళ నా మనవరాళ్లు నన్ను చూస్తే కంచంలో మెతుకు వదలరు (వదిలితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు). అంతటిదాన్ని నవ్వులపాలైన సంగతి నా చేత్తో నేనే రాస్తున్నానంటే, వయసు మళ్లాక మోకాళ్లతో పాటు సిగ్గు కూడా కాస్త అరుగుతుందనే అనుకోవాలి. చదివింది మూడో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మా ఆయన అప్పట్లో లారీ తోలేవాడు. లారీ నరసరావుపేట షావుకారుది, చాకిరీ మా ఆయనది. మా ఊరి నాపరాళ్లు ఎత్తుకుని పదిహేను రోజులకోసారి మద్రాసు పోయేవాడు. పోను, దించను, తిరుగు లోడు దొరికిందాకా కాసుకోను, రాను, అయిదారు రోజులు పట్టేది. మాట తక్కువ మనిషి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంటే, కూర్చున్నట్టూ తెలియదు, లేచినట్టూ తెలియదు. నేనా, చానా గట్టి మనిషిని. ఇల్లు గడిపే పద్ధతి మా అమ్మ దగ్గర నేర్చుకున్నా. బూరెలమూకుట్లో నేను నూనె పొయ్యనని, నూనె సీసా చూపించి భయపెడతానని పక్కింటి పిన్ని నవ్వేది. అన్నానికి గిద్ద కొలత, కూరకి గరిట కొలత. మగమనిషికి మూడు హస్తాల అన్నం, రెండు గరిటెల కూర. ఆయన "చాలు" అనేవాడు, నేను గిన్నె మీద మూత పెట్టేదాన్ని. పెళ్లయిన తొమ్మిదేళ్లలో మా ఇంట్లో ఒక్కపూట అన్నం మిగల్లేదు, ఒక్కపూట చాలకా పోలేదు. ఈ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

అలా సాగుతున్న కాపురంలో ఎనభై నాలుగో అయిదో, మా పెద్దది రెండో తరగతిలో ఉన్నప్పుడు, నాకు అనుమానం తగిలింది. మద్రాసు నుంచి వచ్చిన రోజున ఈయనకి ఆకలుండదు. అంత దూరం లారీ తోలుకొచ్చిన మనిషి పీక్కుపోయి రావాలి గదా, బుగ్గలు నిండుగా, పెళ్లివారింట్లోంచి లేచొచ్చినవాడిలా వచ్చేవాడు. అదొకటి. రెండోది చొక్కా. బట్టలుతికే ఆడదానికి తెలియని రహస్యం మగాడి దగ్గర ఉండదు. డీజిలు వాసన, బీడీ వాసన, రాతిదుమ్ము వాసన నాకు ఎరికే. వాటి కింద ఇంకో వాసన. నువ్వులనూనె, అల్లం, ఏదో ఆవిరి వాసన. మా ఇంట్లో వేరుశనగ నూనె తప్ప ఇంకోటి వాడం. నువ్వులనూనె ఎవరి వంటింట్లోది? ఆవిరి ఎవరి పొయ్యి మీదది? చొక్కా బండకేసి ఉతికిన ఉతుకుడికి ఆ నెల్లో రెండు గుండీలు ఊడాయి. మళ్లీ కుట్టింది నేనేననుకోండి, దారం నాదే.

మూడోది మాత్రం నా చేతికే దొరికింది. ఆయన చొక్కా జేబులో ఎర్రటి చిన్న కాయితపు సంచి, దాని మీద బంగారు రంగు అక్షరాలు. లోపల ఒక రూపాయి బిళ్ల. ఆ అక్షరాలు తెలుగు కాదు, నేను కూడబలుక్కుని చదవగలిగినవి ఒక్కటీ అందులో లేవు. నిజం చెబుతా, నవ్వండి పర్వాలేదు, నేను మూడో తరగతితో మానేశాను గనక ఇవి నాలుగో తరగతిలో చెప్పే అక్షరాలేమో అని కాసేపు అనుకున్నా. మా పెద్దదాని పుస్తకాలు తిరగేసి చూశా. లేవు. అప్పుడు కొంగున ముడేసుకుని పక్కింటి పిన్ని దగ్గరికి పోయా. పిన్ని వాళ్లు సాయిబులు, ఆవిడ భర్త లారీల మెకానిక్కు, మా ఆయన బండి కూడా ఆయన చేతి మీదే నడిచేది. పిన్నికి ఉర్దూ చదవడం వచ్చు. ఆవిడ కాయితాన్ని నిలువునా చూసింది, అడ్డంగా చూసింది, వెలుగులో పెట్టి చూసింది. ఇది ఉర్దూ కాదు, అరబ్బీ కాదు, అరవం అసలే కాదంది. గొంతు తగ్గించి, "బేటీ, ఎర్ర కాయితం, బంగారు రాత, లోపల డబ్బు. ఇది తాయెత్తే. ఎవత్తో మీ ఆయనకి మరుగు మందు పెట్టింది" అంది.

మరుగు మందంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అన్నంలోనో, తాంబూలంలోనో కలిపి పెడతారంట, తిన్న మగాడు పెట్టినదాని కొంగు పట్టుకుని తిరుగుతాడంట. నేను కళ్లతో చూడలేదు. అయినా మా పేటలో మొగుడు భార్య మాట వినకపోతే ఆడబిడ్డ మీద, వింటే భార్య మీద ఈ మందు నేరం మోపేవాళ్లు. ఆ క్షణం నుంచి నాకు అన్నీ అర్థమైపోయాయి. ఆకలి లేకపోవడం మందే. బుగ్గలు నిండటం మందే. మాట తక్కువ కావడం పెళ్లినాటి నుంచీ ఉన్నదే గానీ, దాన్నీ మందు ఖాతాలోనే వేశాను. మద్రాసుదాన్ని ఊహించుకునేదాన్ని. తెల్లగా ఉంటుంది, జడ మోకాళ్ల దాకా ఉంటుంది, చేతినిండా గాజులేసుకుని, నువ్వులనూనె గరిటెలు గరిటెలు గుమ్మరించి వండుతుంది. జడకన్నా, తెలుపుకన్నా ఆ నూనె గుమ్మరించడం తల్చుకుంటేనే నాకు ఒళ్లు మండేది. నేను చుక్క చుక్క లెక్కేసి కాపాడుకొచ్చిన కాపురాన్ని ఒక దుబారా మనిషి ఎగరేసుకుపోతుందా అని.

మూడు నెలలు ఓర్చుకున్నా. పిన్ని చెప్పిన విరుగుళ్లన్నీ చేశా, ఆయన చెప్పుల్లో ఎండుమిరపకాయ పెట్టడంతో సహా (కాలు మండిందని రెండు రోజులు బండి ఎక్కలేదు పాపం, ఎందుకో ఆయనకి ఇప్పటికీ తెలియదు). ఇక లాభం లేదని ఒకనాడు, లోడెక్కించుకుని బయల్దేరుతుంటే, నేనూ మద్రాసు చూస్తానన్నా. తొమ్మిదేళ్లలో గుంటూరు చూస్తానని కూడా అనని దాన్ని. ఖర్చెందుకనే మనిషి ఇలా అడిగిందేమా అనుకున్నాడేమో, నా మొహం వంక చూసి, సరే ఎక్కమన్నాడు. తడబడలేదు. ఎంత మందు పెడితే అంత ధైర్యం వస్తుంది మగాడికి అనుకున్నా. పిల్లల్ని పిన్నికి అప్పజెప్పి, పెళ్లిలో పెట్టిన పట్టుచీర కట్టుకుని లారీ ఎక్కా. సవతిని చూడబోయేటప్పుడు పాతచీరతో పోతామా. నాపరాళ్ల లోడు మీద పట్టుచీరలో కూర్చున్న నన్ను చూసి చిలకలూరిపేట హైవే మీద టీ తాగేవాళ్లు పెళ్లికూతుర్ని ఎత్తుకుపోతున్నారనుకుని ఉంటారు. దారంతా నేను డబ్బాలో తెచ్చుకున్న పులిహోరే తిన్నా, ఆయనకీ అదే పెట్టా, మూడు హస్తాల లెక్కనే.

మద్రాసులో పగలు లారీలు లోపలికి రానివ్వరు. ఊరి బయట బండి పెట్టి, పొద్దున్నే మొహాలు కడుక్కుని సిటీ బస్సెక్కాం. ఆకలవుతోందా, ఒక మంచి చోటికి తీసుకుపోతా అన్నాడాయన, అంత మామూలుగా. సవతి ఇంటికి మొగుడే చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం ఎక్కడన్నా విన్నామా. పెద్ద రోడ్డు వెనక సందులోకి తిప్పాడు. రెండంతస్తుల పాత ఇల్లు, ఎర్ర రంగు తలుపు, తలుపు మీద బోర్డు. బోర్డు మీద అవే అక్షరాలు. కొంగు నడుములో దోపుకుని, నోట్లో తిట్లు సిద్ధం చేసుకుని లోపలికి అడుగుపెట్టా.

లోపల ఒక డెబ్బై ఏళ్ల ముసలమ్మ. జానెడు మనిషి, నెరిసిన జుట్టు వెనక్కి దువ్వి క్లిప్పు పెట్టుకుంది, పూల చొక్కా, నల్ల లాగు, పై వరసలో మూడో నాలుగో పళ్లు. మా ఆయన్ని చూసి, ఊరినించి కొడుకొచ్చినట్టు మొహమంతా నవ్వేసింది. నేను ఆవిడ వెనక్కి చూశా, ఇంకెవరన్నా ఉన్నారేమోనని. గల్లా దగ్గర ఆవిడ కొడుకు, లోపల పొగలో కోడలు, అంతే. అది చైనా వాళ్ల హోటలు. ఆ ముసలమ్మ మామగారు యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి కట్టుబట్టలతో వచ్చి పెట్టాడట, నలభై ఏళ్ల పైగా ఆ కుటుంబమే నడుపుతోంది. ఆరు నెలల కిందట వాళ్ల వంటింట్లో పరిచింది మా మాచర్ల రాళ్లే, దించింది మా ఆయనే. రాళ్లు దించిన రోజున ఆ ముసలమ్మ కూర్చోబెట్టి పెట్టిందట. అప్పట్నుంచీ ఎప్పుడొచ్చినా ఇక్కడే తింటున్నాడు. కొడుకు అరవంలో ఈయన్ని రాళ్లాయన అని పిలుస్తాడు. ఎర్ర కాయితం సంగతి కూడా తేలిపోయింది. అది వాళ్ల ఉగాదికి, వాడుకగా వచ్చేవాళ్లందరి చేతిలో పెట్టే దీవెన అంట.

మీరైతే ఏమనుకుంటారు, నా ప్రాణం కుదుటపడి ఉంటుందనుకుంటారు. పడింది, వక్కపలుకు నమిలినంతసేపు. తర్వాత ముందుకన్నా ఎక్కువ మండింది. ఎందుకంటే ముసలమ్మ వెదురు బుట్టలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద ఒకటి అయిదు బుట్టలు, మూత తీస్తే గుప్పున ఆవిరి, లోపల తెల్లగా పల్చగా కుడుములు. మన వినాయక చవితి కుడుములే, పై తోలు మాత్రం లోపలి రొయ్య ఎర్రగా కనపడేంత పల్చన, అంచున పట్టుచీర కుచ్చిళ్లలాగా మడతలు. డిం సం అంటారంట. ఆ నువ్వులనూనె, ఆ అల్లం, ఆ ఆవిరి, నేను మూడు నెలలు బండకేసి ఉతికిన వాసన మొత్తం అక్కడుంది. మా ఆయన రెండు పుల్లలు తీసుకున్నాడు. ఇంట్లో గరిట ఏ చేత్తో పట్టుకుంటారో తెలియని మనిషి, ఆ పుల్లల మధ్య కుడుము ఇరికించి, చిన్న గిన్నెలో పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను అక్కడే ఉన్నా, పట్టుచీరలో. తొమ్మిదేళ్లుగా నేను వండిన ఏ వంకాయకీ ఆయన కళ్లు మూసుకోలేదు. పడుచుదైతే జుట్టు పట్టుకునేదాన్ని. వంటొచ్చిన ముసలమ్మని ఏం పట్టుకుంటాం చెప్పండి.

నేను తినలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నా. మందు అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు, ముసలాళ్లకే అలాంటివి బాగా తెలుస్తాయి గదా. ముసలమ్మ నా ముందు రెండు కుడుములు పెట్టి, తినమని సైగ చేసి, నేను తినకపోతే నా చెంప తాకి చూసింది, జ్వరమేమోనని. కొడుకు వచ్చి అమ్మ కంగారు పడుతోందన్నాడు. ఏం మాంసమని అడిగించా, రొయ్య, కోడి అన్నాడు. అయినా కదల్లేదు. నన్ను కదిలించింది భయం పోవడం కాదు, మర్యాదా కాదు, నా బుద్ధే. కుడుములు చల్లారిపోతున్నాయి. ఇంకాసేపుంటే తీసి పారేస్తారు. వండిన వస్తువు పారేయడం నా కళ్లముందు ఎన్నడూ జరగలేదు. మందైతే మందైంది, ఇద్దరం ఒకే కొంగు పట్టుకుని తిరుగుదామని ఒకటి చేత్తో తీసి నోట్లో వేసుకున్నా. ఇప్పుడు ఎవరితో దాచేదేముంది. రెండోది కూడా తిన్నా. మూడోది ఆయన కంచంలోంచి తీసుకున్నా.

అప్పుడు చూశా అసలు సంగతి. రెండు బుట్టలు అయ్యాక మా ఆయన చాలన్నాడు. ఇంట్లో అన్నట్టే, అదే గొంతుతో. ముసలమ్మకి తెలుగు రాదు. ఇంకో నాలుగు పెట్టింది. ఆయన తిన్నాడు, మళ్లీ చాలన్నాడు, ఆవిడ ఇంకో బుట్ట మూత తీసింది. అవీ తిన్నాడు. ఆఖరికి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు ఆవిడ నవ్వి ఆగింది. నేను తినేది ఆపి ఆయన వంక చూశా. ఇన్ని పట్టే కడుపు, ఇంట్లో మూడు హస్తాలకే ఎట్లా నిండుతుందని అడిగా. ఎప్పుడూ నిజమే చెప్పే మనిషితో కాపురం చాలా కష్టం, అడగకూడనివి అడిగితే చెప్పేస్తాడు.

"మొదటిసారికే ఎవరు ఔనంటారే," అన్నాడు. "మా అమ్మ మూడుసార్లు అడిగేది. రెండుసార్లు వద్దనటం మర్యాద, మూడోసారికి తినటం ఆకలి. నువ్వు మొదటిసారికే మూత పెట్టేస్తివి."

"తొమ్మిదేళ్లు చెప్పొద్దా ఏందయ్యా?"

"నీ లెక్క నీకుంటది గదా అని."

అంతే అన్నాడు. కోపం లేదు, దెప్పడమూ లేదు. దెప్పినా బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. రాళ్లు మోసొచ్చిన మనిషిని తొమ్మిదేళ్లు అరకడుపుతో లేపానని, అది నలుగురిలో గొప్పగా చెప్పుకున్నానని, పరాయి ఊళ్లో, పరాయి దేశపు కుడుములు నోట్లో పెట్టుకుని తెలుసుకున్నా. నేను భయపడినట్టే ఆయన ఆకలి ఇంకో ఇంటికి పోయింది. పంపింది మాత్రం నేనే.

లేచి వంటింటి గుమ్మం దాకా పోయా. ఎందుకు పోయానో తెలియదు, ఆయన ముందు ఏడవకూడదని కాబోలు. లోపల ఆవిడ కోడలు క్యాబేజీ తొడిమ చెత్తలో వేయబోతుంటే ముసలమ్మ ఆమె చేతి మీద చిన్న దెబ్బ వేసి, తొడిమ లాక్కుని, సన్నగా తరిగి కుడుముల్లో కూరే ముద్దలో కలిపేసింది. గిన్నెకంటిన పిండి గోరుతో గీకి మరీ తీసింది. మా అమ్మే అక్కడ కూర్చున్నట్టనిపించింది. నాకన్నా పిసినారి ఆ మనిషి. అయితే ఆ పిసినారితనమంతా గడప లోపలే. బుట్ట చేత పట్టుకుని గడప దాటి బల్ల దగ్గరికొస్తే మాత్రం లెక్క మరిచిపోయేది. నన్ను చూసి పక్కన పీట వేసింది. పిండి ముద్ద చేతిలో పెట్టి మడతలు ఎలా వేయాలో చూపించింది. చీర కుచ్చిళ్లు పెట్టే చెయ్యి గదా, నాలుగోదానికి బాగానే వచ్చింది. ఆవిడ దాన్ని పైకెత్తి కొడుక్కి చూపించి ఏదో అంది. ఏమందో నేను అడగలేదు. బాగుందనే అని ఉంటుంది. కాకపోతే కాకపోయింది.

ఇంటికొచ్చాక పిన్ని గోడ మీద నుంచి, మందు సంగతేమైందని అడిగింది. మందు కాదు పిన్నీ, మైదాపిండి అని చెప్పా. ఆవిడకి అర్థం కాలేదు గానీ ఖైమా కొట్టే కత్తి మాత్రం ఇచ్చింది. మాచర్లలో రొయ్యలెక్కడివి, కోడిమాంసమే సన్నగా కొట్టి, అల్లం వేసి, ఆ పూటకి మాత్రం కొన్న నువ్వులనూనె (కొలవలేదు, దేవుడి సాక్షి) పోసి, ఇడ్లీపాత్రలో పెట్టా. తోలు మందమైంది. కుడుములన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, దించేసరికి ఒకే ముద్ద. అదే కంచంలో పెట్టా. ఆయన చాలన్నా ఆగలేదు, రెండోసారన్నా ఆగలేదు. ఆ ముద్ద మొత్తం తిన్నాడు. కళ్లు మూసుకుంటాడేమోనని మొహం మీదే చూపు పెట్టుకు కూర్చున్నా. మూసుకోలేదు. అయినా ఆగలేక అడిగా, ఆవిడవి బాగున్నాయా, నావి బాగున్నాయా అని.

నెమ్మదిగా నమిలాడు. న్యాయంగా ఆలోచించినట్టే కనపడ్డాడు.

"ఆవిడవే," అన్నాడు.

మూడు రోజులు మాట్లాడలేదు నేను. మూడో రోజు బావి దగ్గర నీళ్లు తోడుతుంటే తట్టింది. పెళ్లాం చేతి వంట బాగుందని ఒక్క చిన్న అబద్ధం ఆడటం చేతగాని ఈ మనిషి, ఇంకో ఇల్లు పెట్టి మూడు నెలలు దాచగలడా అని. చేద బావిలో వదిలేసి అక్కడే నవ్వా. పక్కనున్నవాళ్లు నాకే ఎవరో మందు పెట్టారనుకున్నారు.

ఆ ముసలమ్మ పోయి చానా ఏళ్లయింది. మా ఆయన లారీ దిగి కూడా చానా ఏళ్లయింది, ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు. నేను ఏడాదికోసారి ఆ కుడుములు చేస్తూనే ఉన్నా. ఇప్పుడు తోలు పల్చగానే వస్తుంది, అతుక్కోవు, మనవరాళ్లు పోట్లాడుకుని తింటారు. అయినా ఆయన్ని అడక్కుండా ఉండలేను. ఆయన పేపరు దించి, న్యాయంగా ఆలోచించి, ఆవిడవే అంటాడు. నేను మూతి ముడుచుకుని లోపలికి పోతాను. వంటింట్లో ఎవరూ చూడకుండా నవ్వుకుంటాను గానీ, ఉన్న మాట చెప్పాలి గదా, కొంచెం మండుతుంది కూడా. డెబ్బై దగ్గర పడుతున్న మనిషికి ఇంకా ఇంత కుళ్లేమిటా అనిపిస్తుంది. ఒక్క ఏడన్నా ఈయన మాట మార్చి నీవే బాగున్నాయంటే మాత్రం, ఆ పూటే లేచి జేబులు వెతుకుతాను.